జమా ఖర్చూ: తిండికీ ఆటకీ మధ్య లెక్క

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు నన్ను ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆటల గురించి చెప్పాలంటే తిండి గురించి చెప్పక తప్పదు. అందుకే ఈరోజు జమాఖర్చుల సంగతి మాట్లాడతాను. రూపాయల జమాఖర్చులు కావు, శరీరానివి. మనం తినేది జమ, చేసే పని ఖర్చు. ఈ రెండూ సరితూగాలని అందరికీ తెలుసు. ఎవరికి ఎటు తప్పుతున్నదో మాత్రం మనం గమనించడం లేదు. ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, తండ్రికి జమ ఎక్కువై షుగర్ వస్తున్నది, బిడ్డకు జమ చాలక గ్రౌండులో కళ్ళు తిరుగుతున్నవి. నేను చెప్పదలచుకున్నది ఈ రెండు చివరల గురించే.

ఊరు మారింది, పళ్ళెం మారలేదు

ఈ బడి పుట్టిన నాటికి నాదర్‌గుల్ చుట్టూ పొలాలే. నాట్లు, కలుపు, కోతలు, బండి తోలడం, బావి నుంచి నీళ్ళు మోయడం, బడికి నడిచి రావడం. ఇవాళ ఆ పొలాల్లో చాలావరకు ప్లాట్లు, కాలనీలు, కాలేజీలు వచ్చాయి. ఆదిబట్ల వైపు విమాన విడిభాగాల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వచ్చాయి. చదువుకున్న మన పిల్లలకు ఉద్యోగాలు దొరికాయి, సంతోషం. పని మాత్రం నిలబడి చేసేది పోయి కూర్చుని చేసేది అయింది.

దీన్ని అంకెల్లో చూద్దాం. తార్నాక దగ్గర ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మీ అందరికీ తెలిసిందే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన కోసం చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. భారతీయులు ఎవరు ఎంత తినాలో లెక్క కట్టి చెప్పేది ఆ సంస్థే. 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల బరువున్న మగవాడికి కూర్చుని చేసే పని అయితే రోజుకు 2,110 కేలరీలు చాలు. మధ్యస్థంగా శ్రమ చేస్తే 2,710, బరువు పని చేస్తే 3,470. 55 కిలోల స్త్రీకి ఇవే అంకెలు 1,660, 2,130, 2,720.

బరువు పని నుంచి కుర్చీ పనికి వచ్చిన మగవాడికి రోజుకు 1,360 కేలరీల అవసరం తగ్గింది. అంటే దాదాపు 400 గ్రాముల బియ్యం! కానీ మన పళ్ళెంలో అన్నం కుప్ప అంతే ఉన్నది. పైగా నూనె పెరిగింది, చాయ్‌లు పెరిగాయి, ఆదివారం బిర్యానీ వచ్చింది. జొన్నరొట్టె, మక్క గట్క, అంబలి తిన్న తాతకు షుగర్ లేదు, మనకెందుకు వచ్చిందని చాలామంది అడుగుతారు. తాత తిన్నది ఒక్కటే చూసి, తాత చేసినది మరిచిపోతే ఈ లెక్క తేలదు.

ఫలితం కూడా కళ్ళముందే ఉంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్ళలో స్త్రీలైనా పురుషులైనా నూటికి 30 మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. ఒక చివర పొంగుతున్నది, ఇంకో చివర ఎండుతున్నది.

ఖర్చు ఎక్కడెక్కడ అవుతుంది?

చాలామంది ఖర్చంటే వ్యాయామం ఒక్కటే అనుకుంటారు. అది నిజం కాదు. కూర్చుని పని చేసే మనిషి ఖర్చులో పెద్ద భాగం, మూడింట రెండు వంతుల దాకా, ఊరికే బతికి ఉండడానికే పోతుంది. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు పని చేయాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. తిన్నది అరగడానికి సుమారు పదో వంతు పోతుంది. మిగిలినదే మన నడక, మన పని, మన ఆట.

జమ వైపు లెక్క ఇంకా సులువు. పిండి పదార్థం గ్రాముకు 4 కేలరీలు, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. సారా అయినా కల్లు అయినా బీరు అయినా అందులోని ఆల్కహాల్ గ్రాముకు 7. ఒక టీ చెంచా చక్కెర 20 కేలరీలు. పోపులో వేసే ఒక పెద్ద చెంచా నూనె సుమారు 120.

మనకు బాగా తెలిసిన లడ్డూతో ఒక లెక్క వేద్దాం. బాలాపూర్ గణేశుడి లడ్డూ బరువు 21 కిలోలు. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం ఇప్పుడు లక్షల్లో పోతున్నది. దాని ధర అందరూ మాట్లాడతారు, దాని కేలరీలు ఎవరూ మాట్లాడరు. లడ్డూ వంద గ్రాములకు సుమారు 450 కేలరీలు అనుకుంటే, మొత్తం 94,500. మధ్యస్థంగా శ్రమ చేసే మనిషికి అది 35 రోజుల తిండి. అదే పరుగులో లెక్క వేస్తే, పరుగెత్తే మనిషికి కిలోమీటరుకు తన బరువు ఎన్ని కిలోలో సుమారు అన్ని కేలరీలు ఖర్చు. 60 కిలోల మనిషి ఆ లడ్డూను కరిగించాలంటే 1,575 కిలోమీటర్లు పరుగెత్తాలి. దాదాపు ఇక్కడి నుంచి ఢిల్లీ దాకా! అందుకే ప్రసాదం ఊరందరికీ పంచుతారని నేను పిల్లలకు సరదాగా చెబుతుంటాను.

నవ్వుకున్నా ఇందులో ఒక సంగతి ఉంది. తినడం తేలిక, కరిగించడం కష్టం. 65 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 115 కేలరీలు. ఒక పెద్ద సమోసా 250 దాకా ఉంటుంది. పొద్దున్నే గ్రౌండులో అరగంట నడిచి, బయటికి రాగానే సమోసా, చాయ్ తీసుకుంటే ఖాతాలో జమే మిగులుతుంది. మరి నడక వృథానా? కానే కాదు. నడక వల్ల గుండెకు, రక్తపోటుకు, షుగర్‌కు, నిద్రకు, మనసుకు జరిగే మేలు బరువుతో సంబంధం లేకుండా జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్పింది, పిల్లలకు రోజుకు 60 నిమిషాలు చెప్పింది. అందుకే నేను ఇలా చెబుతాను: బరువు కోసం పళ్ళెం చూసుకోండి, ఆరోగ్యం కోసం కాళ్ళు కదపండి. ఒకదానికి బదులు ఇంకొకటి పనికిరాదు.

చిన్న తేడాలే పెద్దవి అవుతాయి. రోజూ 100 కేలరీలు, అంటే ఒక తీపి చాయ్ అంత, ఎక్కువ తింటూ పోతే పెద్దవాళ్ళకు చివరికి సుమారు 4 కిలోల బరువు చేరుతుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, మిగతాది తర్వాతి రెండేళ్ళలో. అక్కడికి వచ్చాక పెరిగిన ఒంటిని మోయడానికే ఆ వంద ఖర్చయి, బరువు నిలుస్తుంది. తగ్గించినా అంతే. కాబట్టి నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలు నమ్మకండి. రెండు చెంచాల చక్కెర, గుప్పెడు అన్నం తగ్గించి, మూడేళ్ళు ఓపిక పట్టండి.

గ్రౌండులో ఖాళీ కడుపు

ఇప్పుడు రెండో చివరకు వస్తాను. నా మనసుకు దగ్గరైనది ఇదే.

13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 2,400 కేలరీలు కావాలని అదే సంస్థ చెబుతుంది. మగపిల్లవాడికి 2,860. 16 నుంచి 18 ఏళ్ళ అబ్బాయికి 3,320. గమనించండి, కుర్చీలో కూర్చునే నాన్నకంటే తొమ్మిదో తరగతి చదివే బిడ్డకు ఎక్కువ కావాలి. ఇది చాలా ఇళ్ళలో తెలియదు. బడిలో మధ్యాహ్న భోజనం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని నిబంధన. అది మంచి భోజనమే. కానీ రోజంతా కావలసినదానిలో మూడో వంతు కూడా కాదు. మిగతాది ఇంటి నుంచి రావాలి.

కబడ్డీ ఆడే ఒక అమ్మాయిని ఊహించుకోండి. బరువు 45 కిలోలు. పొద్దున ఒక చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం బడి భోజనం. సాయంత్రం గంటన్నర ప్రాక్టీసు. రాత్రి అలసిపోయి కాస్త అన్నం తిని పడుకుంటుంది. అంతా కలిపితే 1,400 కేలరీలు. ప్రాక్టీసులో 400 ఖర్చయ్యాయనుకుందాం. మిగిలింది 1,000. ఆమె ఒంట్లో కొవ్వు తీసేస్తే కండ, ఎముక, మిగతా అవయవాలు కలిపి 36 కిలోలు. ఒక్కో కిలోకు మిగిలింది 28 కేలరీలు. ఈ అంకె 45 దగ్గర ఉంటే ఒళ్ళు హాయిగా ఉంటుందని, 30 కంటే కిందికి పోతే ప్రమాదమని క్రీడా వైద్యులు చెబుతారు. అందరికీ ఒకే గీత కాదు గానీ, అది హెచ్చరిక గీత.

ఆ గీత కింద రోజులు గడిస్తే ఏమవుతుంది? జమ తగ్గిన ఇంట్లో మనం ఏం చేస్తాం? ముందు సున్నాలు వేయించడం మానేస్తాం, మరమ్మతులు వాయిదా వేస్తాం. శరీరమూ అంతే. గుండె ఆగదు, ఊపిరి ఆగదు. నెలసరి తప్పుతుంది. ఎముక గట్టిపడడం ఆగుతుంది. దెబ్బలు మానవు. మాటిమాటికీ జలుబు, జ్వరం. చదువు మీద మనసు నిలవదు. ఎముకలో సన్నని చీలికలు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టి, ఇది ఆడపిల్లలకే కాదు మగపిల్లలకూ వస్తుందని చెప్పింది. బరువు తగ్గకుండా కూడా ఇది రావచ్చు. అందుకే తూకం చూసి పిల్ల బాగుందని అనుకోవద్దు.

గురువుల ముందు, పెద్దల ముందు ఈ మాట చెప్పడానికి మొహమాటపడను. ఆటలాడే అమ్మాయికి మూడు నెలలు నెలసరి రాకపోతే అది గట్టి ప్రాక్టీసుకు గుర్తు కాదు, డాక్టరుకు చూపించాల్సిన సంగతి. ఈ మాట అమ్మలు తెలుసుకోవాలి, వ్యాయామ ఉపాధ్యాయులు అడగగలగాలి. ఎనిమిదిలో ముందుండి పరుగెత్తిన పిల్ల పదికి వచ్చేసరికి ఆట మానేస్తే, బద్ధకం వచ్చిందంటాం. ఎన్నోసార్లు అది బద్ధకం కాదు, ఆకలి.

బరువు తరగతుల కష్టం

కుస్తీ, బాక్సింగ్, వెయిట్ లిఫ్టింగ్, మన కబడ్డీలోనూ బరువు హద్దులు ఉంటాయి. తూకం ముందు రోజు తిండి మానడం, నీళ్ళు మానడం, స్వెట్టర్ వేసుకుని ఎండలో పరుగెత్తడం పిల్లలు చేస్తుంటారు. పెద్ద ఆటగాళ్ళే దీనిలో ఎంత నలిగిపోతారో 2024 ఆగస్టు 7న ప్యారిస్‌లో దేశమంతా చూసింది. వినేశ్ ఫొగాట్ 50 కిలోల తరగతిలో ఫైనల్ చేరి, ఆ రోజు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ ఉన్నందుకు పతకం లేకుండా పోయింది. పక్కన వైద్యులు, నిపుణులు ఉన్న ఆమెకే అంత కష్టమైతే, మన పదమూడేళ్ళ పిల్లల సంగతేమిటి?

మన తెలుగు నేల నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు ఆమె తరగతి 69 కిలోలు. పై తరగతికి వెళ్ళినంత మాత్రాన పతకం దూరం కాలేదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల ప్రపంచ విజేత. ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఆ తరగతి లేకపోవడంతో 50కి వచ్చి 2023లో మళ్ళీ ప్రపంచ విజేత అయింది. అది అనుభవమున్న క్రీడాకారిణి ఎంచుకున్న దారి. పెరిగే వయసు పిల్లలకు మాత్రం దారి ఒక్కటే: ఒళ్ళు ఏ తరగతికి పెరిగితే ఆ తరగతిలో ఆడించాలి. ఎదిగే బిడ్డను తూకం కోసం కుదించవద్దు.

పాకాల గ్రామం బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఎత్తుకు పోయేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఆకలి మాత్రం చచ్చిపోతుంది. అక్కడ ఆకలి కోసం ఎదురుచూడకుండా తినాలి. పల్లె పిల్లలకు సత్తువ లేదని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి. తిండి, శిక్షణ, నమ్మకం ఇస్తే మన పిల్లలు ఎక్కడిదాకా పోతారో ఆమె చూపించింది.

డబ్బా పొడులు, మన గుడాలు

పెద్ద క్లాసు అబ్బాయిలకు ఒక మాట. జిమ్‌కు వెళ్ళగానే డబ్బా పొడి కొనాలని ఇంట్లో గొడవ పెట్టవద్దు. గట్టిగా ఆడే 60 కిలోల కుర్రాడికి రోజుకు 72 నుంచి 108 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. మూడు గుడ్లు 18, అర లీటరు పాలు 16, యాభై గ్రాముల పప్పు 12, యాభై గ్రాముల పల్లీలు 12, మూడు వందల గ్రాముల బియ్యం 24. మొత్తం 82. అంతా కిరాణా కొట్టులో దొరికేదే. గుడ్డు తినని వాళ్ళు పెరుగు, శనగలు, బబ్బెర్లు పెంచుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మొత్తం తిండి చాలకపోతే ఒళ్ళు ఆ మాంసకృత్తులను కూడా కట్టెల్లా పొయ్యిలో పెట్టుకుంటుంది. కండ పెరగదు.

ఆటకు రెండు మూడు గంటల ముందు అన్నమో రొట్టెనో తినాలి. గంట ముందైతే ఒక అరటిపండు, లేదా బెల్లంతో కాసిన్ని పేలాలు. ఆట అయిన గంటలోపు గుడాలు, పల్లిపట్టీ, గుడ్డు, పాలు, ఏది దొరికితే అది. మంచినీళ్ళు మధ్యమధ్య. ఎండాకాలం ఉప్పు వేసిన మజ్జిగ. రంగు నీళ్ళ సీసాలు అక్కర్లేదు.

పెద్దవాళ్ళకు అదే సంస్థ చెప్పేది వేరు. అన్నం, రొట్టె, చిరుధాన్యాలు అన్నీ కలిపి రోజు కేలరీల్లో 45 శాతం మించవద్దు. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. ఒకే వంటింట్లో రెండు లెక్కలు నడవాలన్నమాట. నాన్న పళ్ళెంలో అన్నం తగ్గాలి, బిడ్డ పళ్ళెంలో పప్పు, గుడ్డు, అన్నం పెరగాలి. అమ్మ అందరూ తిన్నాక మిగిలింది తినడం మానాలి. అమ్మ ఖర్చును ఇంట్లో ఎవరూ లెక్క పెట్టరు. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా ఆమె కూర్చునేది ఎంతసేపో ఒక్కరోజు గమనించండి.

సంఘానికి నా విన్నపం

స్వర్ణోత్సవానికి గుర్తుగా ఏం చేయాలని సంఘంలో చర్చ జరుగుతున్నదని విన్నాను. గేటు కట్టాలని, విగ్రహం పెట్టాలని సూచనలు వచ్చాయట. వాటిని కాదనను. నా వంతుగా నాలుగు విన్నపాలు.

మొదటిది, ప్రాక్టీసుకు వచ్చే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఆట అయ్యాక గుప్పెడు గుడాలు, ఒక గుడ్డు లేదా అరటిపండు. సాయంత్రం యాభై మంది ఆడతారనుకున్నా, ఒక్కో బ్యాచ్ ఒక్కో నెల వంతు తీసుకుంటే ఎవరికీ భారం కాదు.

రెండోది, ఏడాదికి రెండుసార్లు పిల్లల ఎత్తు, బరువు, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించాలి. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు, నర్సులు ఉన్నారు. తూకం మాత్రం పదిమంది ముందు వేయవద్దు. లావు, బక్క అనే మాటలు గ్రౌండులో వినపడవద్దు. ఒక్క మాటకే తిండి మానేసే వయసు అది.

మూడోది, ఆడపిల్లలు మొహమాటం లేకుండా మాట్లాడగలిగే ఒక మేడం గారిని ఆటల బృందానికి తోడుగా పెట్టాలి.

నాలుగోది మనకోసం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా బడి గ్రౌండు మనకు తెరిచి ఉంచమని ప్రధానోపాధ్యాయులను అడుగుదాం. యాభై దాటిన మన బ్యాచ్‌లు అక్కడ నడవాలి. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి 11 మందికి పైగా మధుమేహం ఉందని, మరో 15 మంది దాని అంచున ఉన్నారని తేల్చింది. ఈ సభలో మూడు వందల మందిమి ఉన్నాం. లెక్క మీరే వేసుకోండి. నడక అయ్యాక సమోసా బండి దగ్గర మాత్రం ఆగవద్దు.

మా గురువులు మాకు లెక్కలు చెప్పారు. జమలో నుంచి ఖర్చు తీసేస్తే మిగిలేది నిల్వ అని బోర్డు మీద రాసి చూపించారు. ఆ లెక్క ఒంటికీ పనికొస్తుందని అప్పుడు మాకు తెలియదు. పెద్దవాళ్ళ నిల్వ కొంచెం తగ్గి, పిల్లల నిల్వ కొంచెం పెరిగితే, వజ్రోత్సవం నాటికి ఈ గ్రౌండులో నడిచేవాళ్ళూ ఎక్కువుంటారు, పరుగెత్తేవాళ్ళూ ఎక్కువుంటారు.